ఇంకాగారూ, ఊరి వైఫై

ఇంకాగారు తన జన్మలో ఏ పనీ పూర్తయిందని ఒప్పుకున్న మనిషి కాదు. "అయిపోయిందండీ" అన్న మాట ఎవరి నోట విన్నా సరే, కళ్లజోడు ముక్కు చివరికి దించి, మెడ కాస్త ముందుకు సాచి, "ఎక్కడయిందండీ? ఇంకా ఉంది" అనేవారు. అలా అనీ అనీ ఆయన అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేకుండా పోయింది. ఇంకాగారు అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆయన కూడా ఆ పేరుకే పలికేవారు.

ఈ జబ్బు ఆయనకి తాళాల ఫ్యాక్టరీలో అంటుకుంది. అక్కడ ఆయన తనిఖీ మేస్త్రీ. తయారైన ప్రతి తాళం ఆయన బల్ల మీదికి రావాలి, ఆయన పరీక్షించాలి, బాగుంటే 'పాస్' అని ముద్ర కొట్టాలి. ఆ ముద్ర కొట్టడమంటే ఆయనకి ప్రాణం మీదికి వచ్చేది. తాళం వేసేవారు, తీసేవారు, చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవారు. దాన్ని పక్కన పడేసి, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూసి, హఠాత్తుగా వెనక్కి తిరిగి మళ్లీ తీసేవారు, అది ఏమరుపాటుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చూద్దామని. చివరికి పెద్దగా నిట్టూర్చి ముద్ర కొట్టేవారు. ఫ్యాక్టరీ నష్టాలకి ఆయనే కారణమని కొందరు ఇప్పటికీ అంటారు.

ఆ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. సగం ఊరు రోడ్డున పడింది. మూతపడ్డ రోజున గేటుకి వేసిన తాళం మాత్రం ఇంకాగారు ముద్ర కొట్టిందే. తర్వాత షెడ్లు కూలిపోయాయి, దొంగలు గోడ దూకి రేకులూ మోటార్లూ మోసుకుపోయారు, చివరికి ఆ గోడ కూడా పడిపోయింది. గేటూ తాళమూ మాత్రం నిటారుగా నిలబడే ఉన్నాయి. అటువైపు వెళ్లినప్పుడల్లా ఆయన ఆ తాళాన్ని ఓసారి లాగి చూసి, "ఫరవాలేదు" అనేవారు. ఈ లోకంలో ఆయన దగ్గర ఫరవాలేదనిపించుకున్న వస్తువు అదొక్కటే.

క్షవరం చేసే ఆయన బాధ వేరు. చుట్టూ దులిపి, గుడ్డ తీసేసి, "అయిందండీ" అనగానే ఇంకాగారు అద్దంలోకి వంగేవారు.

"ఎక్కడయింది? ఎడం చెవి వెనకాల చూశావా?"

"చూశానండీ."

"చూస్తే ఆ వెంట్రుక నిన్ను చూసి నవ్వుతోందేం?"

మళ్లీ గుడ్డ కట్టేవాడు. ఆ సరికి బల్ల మీద కూర్చున్న జనం లేచి వేరే కొట్టుకి వెళ్లిపోయేవారు.

ఇలాంటి మనిషికి అల్లుడు కావడమంటే మాటలు కాదు. పెళ్లి మండపంలో ఎవరో పెద్దాయన చెమట తుడుచుకుంటూ, "హమ్మయ్య, పెళ్లి అయిపోయింది" అన్నాడు. పక్కనే ఉన్న ఇంకాగారు పెళ్లికొడుకుని కళ్లజోడు మీంచి ఎగాదిగా చూసి, "ఎక్కడయిందండీ? చూడాలి కదా" అన్నారు. అల్లుడు దాన్ని ఆశీర్వాదం అనుకుని వంగి దణ్ణం పెట్టాడు. అది ఆశీర్వాదం కాదని, తనని కూడా పక్కన పడేసి కిటికీలోంచి బయటికి చూస్తున్నారని, కొన్నాళ్లకి గానీ అతనికి తెలిసి రాలేదు.

అల్లుడు పురపాలక సంఘంలో వైఫై మెకానిక్. నిచ్చెన వేసుకుని స్తంభాలెక్కి, పైనున్న తెల్లడబ్బాలు పనిచేస్తున్నాయో లేదో చూడ్డం అతని పని. ఉద్యోగం తాత్కాలికం. ఏటా గడువు తీరినప్పుడల్లా ఆఫీసు వరండాలో నిలబడి, ఇంజినీరుగారు తలెత్తి చూస్తారా లేదా అని ఎదురుచూడాలి. ఇంట్లో భార్య, అత్తగారు, మామగారు. ఫ్యాక్టరీ పోయాక మామగారికి వచ్చేదేమీ లేదు గనక నలుగురి అన్నమూ ఆ నిచ్చెన మీదే ఆధారపడి ఉంది.

ఊరంతా ఉచితంగా వైఫై పెట్టినప్పుడు పురపాలక సంఘం ఒక పెద్ద బోర్డు కట్టించింది. 'నగరమంతా ఉచిత వైఫై. పనులు నూటికి నూరు శాతం పూర్తి!' అని దాని మీద రాయించింది. కట్టించిన వాళ్ల దురదృష్టమో ఏమో, దాన్ని సరిగ్గా ఇంకాగారి ఇంటి ఎదురుగా కట్టారు. పొద్దున్నే తలుపు తీసి పళ్లు తోముకుంటూ ఆయన ఆ అక్షరాలు చదివారు. నోట్లో నురగతోనే, "ఎక్కడయిందీ?" అన్నారు.

ఆ రోజు నుంచీ మడతస్టూలు ఒకటి చంకన పెట్టుకుని ఊరి మీద పడ్డారు. ప్రతి స్తంభం కిందా స్టూలు వేసుకుని కూర్చుని, ఫోన్ తీసి, నెట్ వస్తోందా లేదా అని పరీక్షించేవారు. ఎక్కడ కాస్త తడబడినా ఆఫీసుకి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించేవారు. ఆ ఫిర్యాదు తిరిగి తిరిగి అల్లుడి చేతికే వచ్చేది.

"మామయ్యగారూ, వస్తోంది కదండీ!" అని అల్లుడు నిచ్చెన మీంచి అరిచేవాడు.

"వస్తోంది అల్లుడుగారూ. వచ్చినట్టు లేదు."

"అదేమిటండీ?"

"మన ఇంటికి చుట్టం వస్తాడు చూడండీ, గుమ్మంలో నిలబడి, చెప్పులు విడవకుండా, 'మళ్లీ వస్తాలెండి' అంటాడు. అలా వస్తోంది."

"ఇప్పుడు చూడండి. ఇప్పుడు బాగుందా?"

"ఇందాకటి కన్నా నయం."

"మరి తీరిందని చెప్పేయనా?"

"ఎక్కడ తీరిందండీ? ఇంకా ఉంది."

ఒకరోజు ఎండలో ఇలాగే వాదించి వాదించి విసుగెత్తి అల్లుడు నోరు జారాడు. "మీకేం మామయ్యగారూ! ఫిర్యాదు తేలేదాకా ఆ స్తంభం జోలికి ఎవరూ పోకూడదని రూలుంది. కాంట్రాక్టరు డబ్బా పీక్కుపోతాడేమోనని మావాళ్లే పెట్టారు. నా తల మీద బండలా కూర్చుంటుంది ప్రతిదీ" అన్నాడు. మామగారు తలెత్తి ఆ స్తంభాన్ని ఎగాదిగా చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

ఊళ్లో ఆ వైఫై గురించి రోజూ రెండు పార్టీలు కొట్టుకునేవి. ఆ యుద్ధభూమి క్షవరం దుకాణమే. కిరాణా కొట్టాయనకి అదొక అద్భుతం. క్షవరం ఆయనకి అది శుద్ధ దండగ.

"ఇంత పెద్ద ఊరికి గాల్లో నెట్ ఇచ్చారంటే సామాన్యమా!" అని ఒకాయన అనేవాడు.

"గాల్లోనే ఉంది, చేతికి రావట్లేదు," అని రెండో ఆయన కత్తెర ఆడించేవాడు. "అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఎవడి నెట్ వాడిది. ఆ స్తంభాలు పీకి పారేస్తే కాకులకి తప్ప ఎవరికీ నష్టం లేదు."

ఇద్దరూ కలిసి ఇంకాగారి వంక చూసేవారు. అద్భుతమన్న ఆయనతో, "ఎక్కడయిందండీ అద్భుతం?" అనేవారు ఈయన. దండగన్న ఆయన సంతోషపడే లోపల అటు తిరిగి, "దండగని మాత్రం ఎప్పుడు తేల్చావు? ఇంకా తేలలేదు" అనేవారు. ఇద్దరికీ ఒళ్లు మండేది.

అప్పుడే అత్తగారికి జబ్బు చేసింది.

జబ్బంటే మామూలు జబ్బు కాదు. పెద్దాసుపత్రిలో వెనకవైపు పాత భవనం ఒకటుంది. ముందువైపు రోగులు ఇంటికెళతారు. ఆ వెనక భవనంలో మంచం ఖాళీ అయిందంటే ఇంటికెళ్లారని ఎవరూ అనుకోరు. అత్తగారిని అక్కడికి మార్చారు. తడిసిన గోడలు, మందుల వాసన, చక్రం ఊడిన బల్లలు. ఒక్కటే సౌకర్యం. వెనక సందు చివర పురపాలక వైఫై స్తంభం ఉంది. కిటికీ పక్కనున్న మంచాలకి దాని సిగ్నల్ కాస్తో కూస్తో తగిలేది.

ఆవిడకి ఒక చెల్లెలు. ఎక్కడో దూరపు ఊళ్లో ఆవిడా మంచం మీదే ఉంది. ఇంకాగారు పలకంత ట్యాబ్ ఒకటి పాత సామాన్ల కొట్లో సంపాదించి తెచ్చారు. రోజూ మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని తనివితీరా పోట్లాడుకునేవారు. పోట్లాట ఒక్కటే. చిన్నప్పుడు వాళ్లమ్మ నిలువుటద్దం పగలగొట్టింది ఎవరు? "నువ్వే" అని ఈవిడ, "నువ్వే" అని ఆవిడ. నీరసంగా ఉంది, మాట్లాడొద్దని డాక్టరు చెప్పినా ఈవిడ గొంతు ఆ గంటసేపు మాత్రం ఖణేల్మనేది. మధ్యలో నెట్ ఆగి చెల్లెలు నోరు తెరిచినట్టే ఉండిపోతే, "చూశారా, జవాబు లేదు దాని దగ్గర" అని మొగుణ్ణి చూసి నవ్వేది.

ఒక మధ్యాహ్నం అలాగే చెల్లెలు ఏదో చెప్పబోతుండగా బొమ్మ ఆగిపోయింది. వేలెత్తి, నోరు సగం తెరిచి ఉండిపోయింది ఆవిడ. అత్తగారు, "చూశారా" అంటూ నవ్వి కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

డాక్టరు వచ్చాడు. చెయ్యి పట్టుకుని చూశాడు. "అయిపోయిందండీ" అన్నాడు.

ఇంకాగారు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు. "ఎక్కడయిందండీ?" అన్నారు. "చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది."

ఎవరూ నవ్వలేదు. అల్లుడు ఆయన భుజం పట్టుకున్నాడు. ట్యాబ్‌లో చెల్లెలు ఇంకా వేలెత్తే ఉంది.

సాయంత్రం ఆ చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. "అద్దం పగలగొట్టింది నేనే బావగారూ. ఇవాళ ఒప్పుకుందామనే మొదలుపెట్టాను. అక్క విందా?"

"ఇంకా లేదమ్మా," అన్నారు ఇంకాగారు.

ఆ తర్వాత చాలా రోజులు ఆయన స్టూలు గోడ మూలనే పడి ఉంది. ఊరు మొత్తం మీద ఫిర్యాదు ఒక్కటీ లేదు. కూర ఉడక్కపోయినా మాట్లాడకుండా తినేవారు. కూతురు భయపడిపోయింది. క్షవరం ఆయన ఒక్కసారి గుడ్డ కట్టి పని కానిచ్చి, "అయిందండీ" అని చెప్పి, జవాబు రాకపోయేసరికి తనే ఎడం చెవి వెనకాల మళ్లీ చూశాడట.

ఒకరోజు పొద్దున స్టూలు కనపడలేదు. మధ్యాహ్నానికి ఆఫీసులో ఫిర్యాదు వచ్చింది. ఆసుపత్రి వెనక సందు, చివరి స్తంభం.

అది మొదలు ఆయన ఫిర్యాదులన్నీ ఆ ఒక్క స్తంభం మీదే. ఊళ్లో మిగతా స్తంభాలన్నీ విరిగి మీద పడ్డా ఆయనకి పట్టదు. అల్లుడు నిచ్చెన వేసుకుని వెళ్లి, డబ్బా విప్పి, బిగించి, కింద నిలబడి తన ఫోన్లో చూసేవాడు. నిక్షేపంలా వచ్చేది.

"వస్తోంది కదండీ మామయ్యగారూ."

"ఇక్కడ వస్తుంది. అందాల్సిన చోటికి అందటం లేదు."

"ఎక్కడికండీ అందాలి?"

మామగారు స్టూలు మడిచి చంకన పెట్టుకునేవారు. అత్తగారు పోయింది ఆ గోడ వెనకే. పైకి వెళ్లిపోయిన మనిషికి సిగ్నల్ అందటం లేదని ఈయన గొడవ కాబోలు అనుకున్నాడు అల్లుడు. ఇంటికొచ్చి భార్యతో అదే అన్నాడు.

"నాన్ననేం అనకండి," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "ఎన్నిసార్లు ఎక్కమంటే అన్నిసార్లు ఎక్కండి. మీ కాళ్లేం అరిగిపోవు."

కాళ్ల సంగతి సరే, ఉద్యోగం సంగతి వచ్చింది. ఇంజినీరుగారు అల్లుణ్ణి గదిలోకి పిలిచారు. ఈసారి తలెత్తి చూశారు కూడా.

"నిన్ను పర్మనెంట్ చేసే జాబితాలో పెట్టానయ్యా. రేపు కమిషనర్‌గారి ముందు వైఫై మీద బహిరంగ విచారణ ఉంది. ఆ ప్రతిపక్షం కౌన్సిలర్ మొత్తం పీకేయమని గోల. నూటికి నూరు శాతం పూర్తయిందని నేను చూపించాలి. ఊరంతటి మీదా తేలకుండా ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు."

అల్లుడు నేల చూపులు చూశాడు.

"మీ మామగారే కదటయ్యా! రేపు సభలో లేచి, 'నా సమస్య తీరింది' అని ఒక్క ముక్క చెప్పించు. ఆ స్తంభం ఎలాగూ అక్కడ దండగ. ఆఫీసులో యంత్రం చూపిస్తోంది, దాన్ని వాడేది ఒకే ఒక ఫోను. ఫిర్యాదు తేలగానే దాన్ని పీకి బజారు వీధిలో పాతిద్దాం. నీకు ఆర్డరు చేతికిస్తాను."

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అల్లుడు గొంతు సవరించుకున్నాడు. సంగతంతా చెప్పాడు. "ఒక్క మాట మామయ్యగారూ. ఈ ఒక్కసారికి" అన్నాడు. భార్య కూర వడ్డిస్తూ ఆగిపోయింది. ఏళ్ల తరబడి వరండాలో నిలబడే మొగుడు, 'తీరింది' అన్న ఒక్క మాట అనలేని తండ్రి. ఎవరి వైపు చూడాలో ఆమెకి తెలియలేదు.

ఇంకాగారు కంచంలో వేళ్లు కదపకుండా కూర్చున్నారు. "ఆ స్తంభం పీకేస్తారా?" అన్నారు.

"బజారులో పెడతారటండీ."

"ఊఁ," అని లేచి చెయ్యి కడుక్కున్నారు. అన్నం సగం అలాగే ఉంది.

మర్నాడు సాయంత్రం విచారణ. మధ్యాహ్నమే అల్లుడు నిచ్చెనతో సహా ఆసుపత్రి సందుకి వెళ్లాడు, ఎలాగైనా కాళ్లావేళ్లా పడి ఒప్పిద్దామని. స్తంభం కింద మామగారూ లేరు, స్టూలూ లేదు. వెనక్కి తిరగబోతుంటే పాత భవనం కిటికీలోంచి తెలిసిన గొంతు వినపడింది.

"ఎక్కడయిందమ్మా? ఇంకా ఉంది, మాట్లాడు."

కిటికీ ఊచల్లోంచి చూశాడు. లోపల చివరి వరుస గోడ పక్కన మామగారు స్టూలెక్కి నిలబడి ఉన్నారు. రెండు చేతులతో ట్యాబ్ నెత్తి మీదికి ఎత్తి, గోడలో పైనున్న చిన్న వెంటిలేటర్ కిటికీ వైపు చాచి పట్టుకున్నారు, స్తంభానికి డబ్బా బిగించినట్టు. కింద మంచం మీద ముసలావిడ మెడ ఎత్తి, ట్యాబ్‌లోని కొడుకుతో కేకలేసి మాట్లాడుతోంది. కొడుకు ఏదో ఓడలో పనివాడు.

"చేతులు నొప్పెడుతున్నాయేమో బాబూ, చాల్లెండి, దిగండి," అంది ఆవిడ.

"ఎవరికి నొప్పి? బ్యాటరీ ఇంకా ఉంది. కోడలికి ఏదో చెబుతానన్నావు, చెప్పావా?"

"మర్చిపోయాను."

"చూశావా మరి! ఇంకా ఉంటే అయిపోయిందంటావేం?"

అల్లుడు లోపలికి వెళ్లాడు. అతన్ని చూసి నర్సు కంగారుగా అడ్డం వచ్చింది. ఆయన అల్లుణ్ణని చెబితే గానీ ఆమె గుండె కుదుటపడలేదు. వార్డులో ఫోన్లు కూడదని సూపరింటెండెంటు ఆర్డరు. మధ్యాహ్నం పూట ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఈమె చూసీ చూడనట్టు ఊరుకుంటోంది. "ఎవరికీ చెప్పకండి బాబూ, నా ఉద్యోగం పోతుంది. రోజూ వస్తారాయన. మంచం మంచానికీ ఆ పలక తిప్పుతారు. వీళ్లలో చాలామందికి నెట్ వేయించుకునే స్తోమత లేదు. చూడ్డానికి వచ్చేవాళ్లూ తక్కువే," అంది. 

ట్యాబ్ తర్వాతి మంచానికి వెళ్లింది. అక్కడున్నాయనకి గొంతుకి రంధ్రం పెట్టారు, మాట రాదు. ట్యాబ్‌లో భార్య ఏదో చెబుతోంది. ఆయన కాసేపు చూసి, సిగ్గుపడి, చాలన్నట్టు చెయ్యి ఊపాడు. తను మాట్లాడలేనప్పుడు ఇంకొకళ్ల వంతు తినేయడం ఎందుకని కాబోలు.

"ఎక్కడయిందండీ?" అన్నారు ఇంకాగారు. "మీరు వినండి. ఆవిడది ఇంకా ఉంది."

అప్పుడు తలెత్తి అల్లుణ్ణి చూశారు. దొంగతనం చేస్తూ దొరికిపోయిన మనిషిలా మొహం పెట్టారు.

అల్లుడికి అప్పుడు గానీ తట్టలేదు. నెలల తరబడి స్తంభం కింద నిలబడి, తన ఫోన్లో చూసుకుని, బ్రహ్మాండంగా వస్తోందని వాదించాడు తను. ఒక్కసారి ఈ గోడ దాటి లోపలికొచ్చి చూడలేదు. నిజంగానే అందాల్సిన చోటికి అందటం లేదు. యంత్రం చూపించిన ఆ ఒకే ఒక ఫోను ఈ ట్యాబే.

గబగబా బయటికొచ్చి నిచ్చెన వేసి స్తంభం ఎక్కాడు. డబ్బా మొహం ప్లాను ప్రకారం రోడ్డు వైపు ఉంది. ఆ రోడ్డు మీద నడిచేవాడే లేడు. మరలు వదులు చేసి దాన్ని కిటికీల వైపు తిప్పసాగాడు.

"మామయ్యగారూ, చూడండి! అయిందా?"

"ఎక్కడయింది? కాస్త ఎడమకి!" అని లోపల్నుంచి వినపడింది. "ఇంకా! ఇంకా!"

"ఇప్పుడు?"

"కొంచెం కిందకి! ఇంకా!"

ఇంకా, ఇంకా అంటూ వార్డులో గొంతున్న వాళ్లందరూ అందుకున్నారు. ట్యాబ్ మళ్లీ చివరి వరుసకి చేరినట్టుంది, ఉన్నట్టుండి అక్కణ్ణుంచి ఓడలో ఉన్న కొడుకు గొంతు గణగణా మోగింది. ముసలావిడ, "అరవకురా, వినపడుతోంది!" అని తిట్టింది.

ఇంకాగారు బయటికొచ్చి నిచ్చెన పట్టుకున్నారు. అల్లుడు దిగాక మెల్లిగా అన్నారు.

"మీ అత్తయ్య చెల్లెలు చెప్పాల్సింది చెప్పకుండానే ఆగిపోయింది అల్లుడుగారూ. అందుకని ఇలా. సరే, అదలా ఉంచండి. ఇప్పుడు లోపలి దాకా అందుతోంది గనక నా ఫిర్యాదు తీరినట్టే. సాయంత్రం సభలో అలాగే చెబుతాను."

"చెబితే స్తంభం పోతుంది కదండీ."

"మీ ఉద్యోగం ఉంటుంది. మా అమ్మాయి కూడా మనిషే కదా. పొద్దున్నుంచీ సాధన చేస్తున్నాను. తీ... తీరి..." ఆయన దగ్గి, మళ్లీ ప్రయత్నించారు. "తీ... అలవాటు లేని మాట. సాయంత్రానికి వస్తుందిలెండి."

విచారణకి హాలు నిండా జనం. క్షవరం ఆయనా, కిరాణా కొట్టాయనా ముందు వరుసలో చెరోవైపు కూర్చున్నారు. ఇంజినీరుగారు లేచి, పనులు నూటికి నూరు శాతం పూర్తి అన్నారు. కౌన్సిలర్ లేచి, ఒక్క ఫోను కోసం ఒక స్తంభమా, ఇంతకన్నా దండగ ఉంటుందా అని బల్ల గుద్దాడు. ఆ స్తంభం మీద ఫిర్యాదుదారుని లేవమన్నారు.

ఇంకాగారు లేచారు. ఊరి వైఫైని ఇంతగా తిట్టిన మనిషి లేడు గనక కౌన్సిలర్ మొహం వెలిగింది. ముందే మాట్లాడి పెట్టుకున్నారు గనక ఇంజినీరుగారి మొహమూ వెలిగింది.

"ఏమండీ, మీ సమస్య తీరిందా?" అని కమిషనర్ అడిగారు.

ఇంకాగారు కళ్లజోడు సర్దుకున్నారు. మెడ ముందుకు సాచారు. "తీ..." అన్నారు. చెమటలు పట్టాయి. అల్లుడి వంక చూశారు. కళ్లు మూసుకున్నారు. "తీరి..."

"తీరలేదండీ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

హాలంతా వెనక్కి తిరిగింది. అరిచింది అల్లుడు. అరిచాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది.

"నువ్వు మెకానిక్‌వి కదయ్యా?" అన్నారు కమిషనర్.

"అవునండీ. బాగుచేసేవాణ్ణి గనకే చెబుతున్నాను. ఇన్నాళ్లూ స్తంభం కింద చూసి వచ్చేశాను. అది తప్పండీ. ఆ సందులో చూడాల్సిన కిటికీలు ఇంకా ఉన్నాయి. పై అంతస్తు మొత్తం ఉంది."

"ఒకే ఒక్క ఫోనుకా?" అని కౌన్సిలర్ ఎకసెక్కంగా నవ్వాడు.

నర్సు మొహం గుర్తొచ్చి అల్లుడు నాలుక కరుచుకున్నాడు. "యంత్రం ఫోన్లని లెక్కపెడుతుందండీ. మనుషుల్ని లెక్కపెట్టదు" అని మాత్రం అన్నాడు.

"మరి నూటికి నూరు శాతం పూర్తయిందన్నారే?" అని కమిషనర్ ఇంజినీరు వైపు తిరిగారు. ఇంజినీరుగారు అల్లుణ్ణి మింగేసేలా చూశారు. 'పూర్తయింది' అన్న మాట చెవిన పడితే ఊరుకునే అలవాటు లేని మనిషి ఇక ఆగలేకపోయారు.

"ఎక్కడయిందండీ? ఇంకా ఉంది!" అన్నారు ఇంకాగారు, హాయిగా, గుండెల నిండా ఊపిరి తీసుకుని. ఆ ఊపులోనే కౌన్సిలర్ వైపు తిరిగారు. "మీరు ఊరుకోండి. సగం ఉడికిన అన్నం చూసి పొయ్యి పగలగొడతారా ఎవరైనా?"

హాలు ఘొల్లుమంది. ఫిర్యాదు తేలేదాకా స్తంభాన్ని ముట్టుకోవద్దని, ఊరి వైఫై పూర్తయిందనీ దండగనీ ఎవరూ అనొద్దని, విచారణ వాయిదా వేస్తున్నామని కమిషనర్ చెప్పి లేచిపోయారు. 

మెట్ల దగ్గర ఇంజినీరుగారు అల్లుణ్ణి ఆపారు. "జాబితాలోంచి నీ పేరు తీసేశాను. గడువు తీరాక వరండాలో కనపడు, చూద్దాం," అన్నారు. అంతే. అల్లుడు తల ఊపాడు. మళ్లీ వరండా, మళ్లీ ఎదురుచూపు. పక్కనే మామగారు స్టూలు చంకన పెట్టుకుని అంతా విన్నారు.

ఇద్దరూ ఇంటికి నడిచారు. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది.

"ఏమండీ, అయిందా? పర్మనెంట్ అయిందా?"

అల్లుడు చెప్పులు విడిచాడు. తర్వాత తనకి తెలియకుండానే మెడ ముందుకు సాచి, "ఎక్కడయిందే? ఇంకా ఉంది," అన్నాడు.

ఆమె తండ్రి వైపు తిరిగి నెత్తి కొట్టుకుంది. "చూడు నాన్నా, ఆయనకి కూడా అంటించావు! ఒకరు చాలరా ఈ ఇంటికి?"

ఇంకాగారు అల్లుడి దగ్గరికొచ్చి, కళ్లజోడు మీంచి ఎగాదిగా చూశారు, మండపంలో ఆ రోజు చూసినట్టే. అటు తిరిగి కిటికీలోంచి బయటికి చూశారు. హఠాత్తుగా వెనక్కి తిరిగి మళ్లీ చూశారు. పెద్దగా నిట్టూర్చారు.

"అమ్మాయ్," అన్నారు. "మీ పెళ్లి అయిందమ్మా."

ఎప్పుడో అయిన పెళ్లి ఇవాళ అవడమేమిటో కూతురికి ఎంత ఆలోచించినా బోధపడలేదు. అల్లుడు మాత్రం మామగారి చంకలోని స్టూలు అందుకుని, తుడిచి, తెల్లారి మళ్లీ కావాలి కదా అని గుమ్మం పక్కనే పెట్టాడు.